నూరేళ్ళ పల్లె మెథడిస్టు చర్చి చరిత్ర రాయాలంటే: రాయి మీద ఉన్న ఏడు దగ్గర ఆగిపోకండి

అడిగిన ప్రశ్న ఇది: మెదక్ దగ్గర ఒక పల్లెలో రాతి చర్చి ఉంది. గుమ్మం పక్కన రాయి మీద 1926 అని చెక్కి ఉంది. ముసలివాళ్ళు "వెస్లీ దొరల గుడి" అంటారు, గేటు మీద మాత్రం సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అని రాసి ఉంది. నూరేళ్ళ పండగకు చరిత్ర పుస్తకం వేయాలి. చేతిలో ఒక చిరిగిన రిజిస్టరు తప్ప ఏమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా ఒక మాట. 1926 అనేది గోడలకు సంబంధించిన ఏడు. సంఘం దాదాపు ఎప్పుడూ గోడలకన్నా పాతదే. పల్లె చర్చికి కనీసం మూడు తేదీలు ఉంటాయి: ఆ ఊళ్ళో మొదటి బాప్తిస్మాలు ఇచ్చిన రోజు, ప్రార్థనకు మొదటి గుడిసె లేదా బడి కొట్టం వేసుకున్న ఏడు, ఇప్పుడున్న కట్టడం లేచిన ఏడు. మూడో తేదీలో కూడా రెండున్నాయి, పునాదిరాయి వేసిన రోజు వేరు, ప్రతిష్ఠ చేసిన రోజు వేరు. మెదక్ పెద్ద చర్చే చూడండి. పని 1914లో మొదలైంది, ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది, మధ్యలో పదేళ్ళు. అందులోని మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. ఆరోహణం కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. అంత పేరున్న కట్టడానికే ఒక్క తేదీ సరిపోనప్పుడు మీ ఊరి చర్చికి సరిపోతుందని అనుకోకండి. నూరేళ్ళ పండగ 2026లోనే చేసుకోండి, తప్పేం లేదు. పుస్తకంలో మాత్రం "కట్టడానికి నూరేళ్ళు" అని రాయండి. "సంఘం 1926లో పుట్టింది" అని రాశారంటే, అంతకుముందు చింతచెట్టు కింద కూర్చుని పాడిన తరాన్ని పుస్తకంలోంచి తీసేసినట్టే.

రెండో పని: మీది ఏ మెథడిస్టో తేల్చుకోవాలి. ఇక్కడ తప్పటడుగు వేస్తే ఆరు నెలలు వేరే దేశపు కాగితాలు వెతుకుతారు. మన తెలంగాణలో మెథడిస్టు మిషన్లు రెండు పనిచేశాయి. ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషన్. సికింద్రాబాద్ నుంచి మెదక్, సిద్దిపేట, కరీంనగర్, నిజామాబాద్ వైపు పాకింది వీళ్ళే. 1895లో సికింద్రాబాద్ వచ్చి తరవాత మెదక్‌లో స్థిరపడ్డ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ మిషన్ మనిషి. రెండోది అమెరికా మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్. వికారాబాద్, తాండూరు, జహీరాబాద్, బీదరు వైపు వాళ్ళది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఇంగ్లండు వైపు మెథడిస్టులు అందులో కలిశారు. అమెరికా వైపు వాళ్ళు కలవలేదు, 1981లో మెథడిస్టు చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమయ్యారు. అందుకే వికారాబాద్ దగ్గర ధారూరులో జరిగే మెథడిస్టు జాతరకు పోయే సంఘాల గేట్ల మీద ఇప్పటికీ మెథడిస్టు అనే ఉంటుంది, మీ గేటు మీద సీఎస్ఐ అని ఉంటుంది. పెద్దవాళ్ళ నోట "వెస్లీ" అన్న మాట నిలిచింది కాబట్టి మీది ఇంగ్లండు వైపు అని తొంభై పాళ్ళు చెప్పొచ్చు. మిగతా పది పాళ్ళు రాళ్ళు చెప్తాయి.

హద్దురాళ్ళు, గంట, పాత బీరువా, బల్లలు, గిన్నెల అడుగు, ఎక్కడైనా ఇంగ్లీషు పొడి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. డబ్ల్యూ.ఎం.ఎం.ఎస్. (వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ సొసైటీ) అని ఉంటే వెస్లియన్ మిషన్ది. 1932లో ఇంగ్లండులో మూడు మెథడిస్టు శాఖలు ఒకటయ్యాక "వెస్లియన్" అన్న మాట అధికారికంగా పోయింది, అక్షరాలు ఎం.ఎం.ఎస్. అయ్యాయి. కాబట్టి మొదటి డబ్ల్యూ ఉన్న రాయి 1932కు ముందుది అనుకోవచ్చు. అమెరికా వైపు ఎం.ఇ. (మెథడిస్టు ఎపిస్కోపల్) అన్న అక్షరాలు 1939 వరకు చెల్లాయి, ఆ ఏడు అక్కడ కూడా శాఖలు కలిసి "ఎపిస్కోపల్" అన్న మాట జారిపోయింది. రెండక్షరాల తేడాతో మీకు మిషనూ తెలుస్తుంది, కాలమూ తెలుస్తుంది.

ఇక రాయిని చదవడం. ఏటేటా సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయి ఉంటాయి. ఇనుప బ్రష్షు, ఉలి, యాసిడ్ దగ్గరికి రానివ్వకండి. వెదురు పుల్లను చీల్చి మొనదేల్చి అక్షరం గాడిలోని సున్నాన్ని పొడిగా గీకండి, తరవాత మెత్తటి కుంచె, మామూలు నీళ్ళు చాలు. చీకటి పడ్డాక టార్చిని రాయికి ఆనించినంత వాలుగా, పక్క నుంచి పట్టుకోండి. గాడులన్నీ నీడపడి లేస్తాయి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి, ఎందుకంటే నిలువు గీతలు పక్క వెలుతురులో, అడ్డగీతలు పై వెలుతురులో కనబడతాయి. ఇక్కడ జరిగే పెద్ద తప్పు రంగు. ఎప్పుడో ఒక పండక్కి పెయింటరు అరిగిన అంకెల మీద నల్లరంగు దిద్దుతాడు, 3 కాస్తా 8 అవుతుంది, 1 కాస్తా 7 అవుతుంది. ఆ రంగు ఏడే అందరి నోటా స్థిరపడుతుంది. రంగును నమ్మొద్దు, గాడిని నమ్మండి. కొత్తగా మీరూ దిద్దించకండి.

కట్టడంలోని సామాను కూడా సాక్ష్యమే, కాని ఒక్కో వస్తువు తన వయసే చెప్తుంది, గోడ వయసు చెప్పదు. దూలంగా వేసిన ఇనుప గర్డరు మీద టాటా అని ఉంటే అది 1912కు ముందుది కాలేదు, ఆ కంపెనీ ఉక్కు తీయడం మొదలైంది ఆ ఏడే. మంగుళూరు పెంకు వెనక్కి తిప్పితే అచ్చు ఉంటుంది. బాసెల్ మిషన్ పేరుంటే సాధారణంగా మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కాలపుది, కామన్వెల్త్ అని ఉంటే ఆ యుద్ధం తరవాతది, బాసెల్ మిషన్ పెంకు కార్ఖానాలు అప్పుడే చేతులు మారాయి. అయితే పెంకులు ఒక కప్పు మీంచి దించి ఇంకో కప్పు మీద వేసేవాళ్ళు. పది పెంకులు తిప్పి చూడండి, ఒక్కటి చూసి తేల్చకండి. గంట కూడా అంతే. దాని అంచు చుట్టూ ఉన్న ఏడు పోతపోసిన ఏడు, మీ ఊరికి వచ్చిన ఏడు కాదు.

అసలు సంగతి రిజిస్టర్లలో ఉంది. "మా ఊరి రిజిస్టరు చెదలు తిన్నాయి" అని చాలా సంఘాలు ఊరుకుంటాయి. నిజానికి అనేక పల్లెలకు విడిగా రిజిస్టరే ఉండేది కాదు. మెథడిస్టు పద్ధతిలో కొన్ని పల్లెలు కలిపి ఒక సర్క్యూట్. ఊళ్ళో కాపురం ఉండేది ఉపదేశి, అంటే బోధ చేసే సంఘ పనివాడు, అతనికి బాప్తిస్మం ఇచ్చే అధికారం లేదు. అభిషేకం పొందిన అయ్యగారు సర్క్యూట్ కేంద్రం నుంచి బండి మీదో గుర్రం మీదో వీలైనప్పుడు వచ్చేవారు, ఇచ్చిన బాప్తిస్మాలు వెనక్కి వెళ్ళి కేంద్రంలోని పుస్తకంలో రాసేవారు. కాబట్టి మీ పాస్టరేటు (ఒక పాస్టరు కింద ఉండే సంఘాల గుంపు) ఇప్పటి కేంద్రంలో కాదు, 1920ల నాటి సర్క్యూట్ కేంద్రం ఏదో కనుక్కొని అక్కడి బీరువా తెరిపించండి. తరవాత డయోసిస్ (బిషప్పు గారి) ఆఫీసులో అడగండి. ప్రెస్బిటరు (పాస్టరు) గారి ద్వారా, సంఘ కమిటీ తీర్మానం నకలుతో, రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా వెళ్తే "వెతికి చెప్తాం" అన్న దగ్గర ఆగిపోతుంది.

దీనివల్లే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఒకే తేదీ కింద ముప్ఫై, నలభై పేర్లు కనబడగానే "ఆ రోజు ఊరంతా ఒక్కసారి మారిపోయింది" అని రాసేస్తారు. అది అయ్యగారు వచ్చిన రోజు, అంతే. ఆ పేర్లవాళ్ళు అంతకుముందు నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ళ తరబడి, పొద్దంతా కూలి చేసి రాత్రి దీపం కింద ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠతా పట్టినవాళ్ళు. చదువు అంటనివ్వని వాడల్లో అది చిన్న పని కాదు. ఆ నెలల గురించి ఒక పేజీ రాయండి.

బాప్తిస్మపు రిజిస్టరులో ఒక్క వరసను దగ్గరగా చూడండి. వరస సంఖ్య, తేదీ, కొత్త పేరు, పాత పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వృత్తి, ఇచ్చినవారి సంతకం. ఎల్లమ్మ అన్న పాత పేరు పక్కన సారమ్మ అన్న కొత్త పేరు ఉందనుకోండి. ఇంట్లోవాళ్ళు చచ్చేదాకా ఎల్లమ్మ అనే పిలుస్తారు, సమాధి మీద సారమ్మ అని ఉంటుంది, పట్టా కాగితంలో మళ్ళీ ఎల్లమ్మ. ముగ్గురు మనుషులని రాయకండి. వయసు గడిలో 20, 30, 40 అని గుండు అంకెలు ఎక్కువగా ఉంటే అవి అంచనాలు, వాటి నుంచి పుట్టిన ఏడు లెక్కకట్టకండి. వృత్తి గడి మాత్రం బంగారం. కూలి, నేత, తోలుపని, బేగారి (ఊరి వెట్టిపని) అని ఒక్క మాటే ఉంటుంది. ఆ మాటలన్నీ విడిగా ఒక కాగితం మీదికి ఎత్తి లెక్కపెట్టండి, ఆ సంఘం ఎవరి చెమటతో నిలిచిందో తేలిపోతుంది. సంతకం గడిలో దొరగారి పేరు పెద్దగా, నల్లగా ఉంటుంది. పుస్తకాలన్నీ ఆ గడినే చూసి రాసినవి. మీరు ఎడమవైపు గడులు చూసి రాయండి.

పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగు రాసే దొరచేతిని బట్టి మారుతుంది. రాజయ్య నాలుగు రకాలుగా కనబడతాడు. పైకి చదవండి, కంటితో చదవకండి. ఊళ్ళ పేర్లూ అంతే. ఆ నాటి కాగితాల్లో నిజామాబాద్ ఇందూరుగా ఉండొచ్చు, 1905కు ముందైతే కరీంనగర్ జిల్లా ఎలగందల జిల్లా. మిషన్‌వాళ్ళు "జిల్లా" అన్నది సర్కారు జిల్లా కాకపోవచ్చు కూడా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక పాత మెదక్ జిల్లా కాగితాలు మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట మూడుచోట్లా వెతకాల్సిన పరిస్థితి.

రిజిస్టరును తాకేముందు: చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోండి. ఫ్యాను ఆపండి. సెల్లోటేపు వేయకండి, లామినేషన్ అసలే వద్దు, రెండూ కాగితాన్ని తినేస్తాయి. పేజీలు అంటుకుని ఉంటే లాగకండి, తడపకండి, అలాగే వదిలి మిగతావి తీయండి. కిటికీ పక్క బల్ల మీద పెట్టి, ఫోనును పైనుంచి నిటారుగా స్టాండుకు బిగించి, ఫ్లాష్ ఆపి తీయండి. పేజీ పక్కన ఒక స్కేలు, పేజీ నంబరు రాసిన చీటీ పెట్టండి. పుస్తకం అట్ట నుంచి వెనక అట్ట దాకా, ఖాళీ పేజీలతో సహా, వరసగా తీయాలి. ఖాళీ అనుకున్న పేజీ మూలనే పెన్సిలుతో "కలరా" అనో "కరువు" అనో రాసి ఉంటుంది. ఫోటోలు రెండు వేర్వేరు ఇళ్ళలో రెండు డిస్కుల్లో ఉంచండి. పుస్తకాన్ని ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి నేలకు అడుగు ఎత్తున, గోడకు తగలకుండా పెట్టండి. వేపాకు లోపల పెడితే మరక పడుతుంది, పురుగుమందు కొడితే సిరా పాడవుతుంది.

ఖాతా పుస్తకాలు, భూమి కాగితాలు దొరికితే రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది ఫసలీ. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడు ఆజుర్ నెలతో, అంటే దాదాపు అక్టోబరు 6న మొదలయ్యేది. ఆ రోజు నుంచి డిసెంబరు దాకా 590 కలపండి, జనవరి నుంచి మళ్ళీ అక్టోబరు మొదటి దాకా 591 కలపండి. 1335 ఫసలీ అంటే 1925 అక్టోబరు నుంచి 1926 అక్టోబరు దాకా. కోస్తా జిల్లాల మద్రాసు ఫసలీ జులైలో మొదలవుతుంది, దాంతో కలపకండి. రెండోది రూపాయి. ఇంగ్లీషు వాళ్ళ కల్దారు రూపాయి వేరు, నిజాం హాలీ సిక్కా వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానం. లండన్‌కు పంపిన లెక్క కల్దారుల్లో, మేస్త్రీకి ఇచ్చిన కూలి హాలీలో ఉంటుంది. రెండూ కలిపి కూడితే కట్టడం ఖర్చు తప్పుతుంది, డబ్బు తిన్నారన్న నింద ఎవరి మీదో పడుతుంది.

నేల ఎవరి పేరున ఉందో చూడడానికి తహసీలు ఆఫీసులో 1954–55 ఖాస్రా పహాణీ (ఆనాటి భూముల రికార్డు) నకలు అడగండి. సర్వే నంబరు, పట్టాదారు, అనుభవదారు గడులు వేర్వేరుగా చూడండి. ఉర్దూ దస్తావేజు ఉంటే అందులోని షికస్తా (గొలుసుకట్టు) రాత చదవగలిగిన పెద్దమనిషితో చదివించి, ఒక్కో వాక్యం తెలుగులో రాయించుకోండి, సారాంశం చెప్తే సరిపోదు. నేల ఇచ్చిన మనిషి వేరే మతంవాడో, వేరే కులపు పటేలో అయ్యుండొచ్చు. అయితే ఆ పేరు తప్పకుండా పుస్తకంలో ఉండాలి.

దేశం బయట కాగితాలకు: వెస్లియన్ మిషన్ ఉత్తరాలు, సినడ్ (మిషన్ పెద్దల సభ) మినిట్లు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థ గ్రంథాలయంలో ఉన్నాయి. హైదరాబాదు సినడ్ పెట్టెలు అడగండి, స్త్రీల పని గురించిన కాగితాలు విడిగా ఉంటాయి, వాటిని మరవకండి. పల్లెల సంగతి దొరల ఉత్తరాల్లో కన్నా దొరసానుల ఉత్తరాల్లో ఎక్కువ దొరుకుతుంది, ఇళ్ళలోపలికి వెళ్ళింది వాళ్ళూ, ఇంటింటికీ వెళ్ళి బైబిలు చెప్పే బైబిలు స్త్రీలూ కాబట్టి. అమెరికా వైపు వాటికి న్యూజెర్సీలో మాడిసన్ ఊళ్ళోని మెథడిస్టు ఆర్కైవు చూడాలి, ఏటేటా అచ్చయిన కాన్ఫరెన్సు నివేదికల్లో ఏ ఊళ్ళో ఎవరు పనిచేశారో పట్టికలుంటాయి. అంతదూరం పోనక్కరలేకుండా ముందు బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవులో అడగండి. అడిగేటప్పుడు "మా చర్చి చరిత్ర కావాలి" అనొద్దు. సర్క్యూట్ పేరు, ఐదేళ్ళ కాలం, ఊరి పేరుకు తోచిన మూడు ఇంగ్లీషు స్పెల్లింగులు ఇవ్వండి. ఆ నివేదికలు చందాలిచ్చేవాళ్ళ కోసం రాసినవని గుర్తుపెట్టుకుని చదవండి. అంకెలు నమ్మొచ్చు, విశేషణాలు తగ్గించుకోవాలి.

ముసలివాళ్ళతో మాట్లాడడం అన్నిటికన్నా ముందు చేయాలి, కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. "ఏ సంవత్సరం?" అని అడగకండి. "పోలీసు యాక్షన్‌కు ముందా, తరవాతా? అప్పటికి నీకు పెళ్ళయిందా, అమ్మా? పెద్ద కొడుకు కడుపులో ఉన్నాడా?" అని అడగండి, 1948 సెప్టెంబరు చుట్టూ జ్ఞాపకాలన్నీ కట్టుకుంటాయి. ఒక్కొక్కరితో ముప్పావుగంట మించొద్దు, రెండోసారి వెళ్ళండి, రెండోసారే అసలు మాటలు వస్తాయి. ఆడవాళ్ళను విడిగా, మగవాళ్ళు లేనప్పుడు కూర్చోబెట్టండి. నీళ్ళు ఏ బావిలో తోడుకునేవాళ్ళు, బడిలో ఎక్కడ కూర్చునేవాళ్ళు, చర్చిలో మాల మాదిగ కలిసి కూర్చున్నారా, రొట్టె, ద్రాక్షరసం ఒకే గిన్నె నుంచి తీసుకున్నారా, ఇవి అడగండి. ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగండి. సంఘం లోపలి కులాన్ని దాచిన చరిత్ర సగం చరిత్ర. పాత కీర్తన ఏదైనా పాడమంటే ఆ రాగంతోపాటు నేర్పిన ఉపదేశి పేరు కూడా బయటికొస్తుంది.

కథలు కూడా వస్తాయి. మెదక్ చర్చి గోపురం చార్మినార్ కన్నా ఎత్తుగా ఉండడం నిజాంకు నచ్చలేదని చెప్పుకునే కథ వినే ఉంటారు. గోపురం 175 అడుగులు అన్నది కొలత, మిగతాది "చెప్పుకుంటారు" అని రాయాల్సిన సంగతి. "కరువులో కూలికి గింజలిచ్చి కట్టించారు" అని మెదక్ చర్చి గురించి చెప్పుకునే మాట మీ ఊరి చర్చి గురించీ వినబడొచ్చు. 1918లో వానలు తప్పాయి, అదే ఏడు ఇన్ఫ్లుయెంజా ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చింది. మీ చర్చి 1926ది. కాబట్టి ఆ కథ మెదక్ నుంచి మీ ఊరికి నడిచొచ్చిందా, లేక మీ ఊరి తాతలు మెదక్‌లో రాళ్ళు మోసి ఆ జ్ఞాపకం తెచ్చుకున్నారా అని విచారించండి. రెండోదైతే అది మీ పుస్తకానికి గొప్ప అధ్యాయం.

అచ్చుకు ఇచ్చేముందు ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన దగ్గర బీసీ–సీ కిందికి వస్తారు. ఎన్నో ఇళ్ళలో సర్టిఫికెట్టు మీద మతం ఒకటి, ఆదివారం పోయే గుడి ఒకటి. రిజిస్టరు పేజీని ఫోటోతో సహా అచ్చేస్తే ఎవరి మనవడి ఉద్యోగమో, ఎవరి సర్పంచి పదవో కోర్టుకెక్కొచ్చు. అందుకని బతికున్నవాళ్ళ బాప్తిస్మపు, పెళ్ళి నమోదులు వేయొద్దు. పోయినవాళ్ళవి కూడా కుటుంబం సంతకం తీసుకునే వేయండి. కులం గడిని మొత్తం లెక్కగా చెప్పండి, పేరుతో జతచేసి చెప్పకండి. పేజీల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఈ రోజే ఆపండి.

పుస్తకం 96 పేజీలు మించకుండా, అందులో కనీసం పాతిక పేజీలు ఉపదేశులు, బైబిలు స్త్రీలు, బడి పంతుళ్ళు, గంట కొట్టినవాళ్ళు, గోడ పెట్టిన మేస్త్రీలకు కేటాయించండి. ప్రతి సంగతి పక్కన అది రాయి నుంచా, రిజిస్టరు నుంచా, నోటిమాటా అని చిన్న గుర్తు పెట్టండి. ముందు 20 నకళ్ళు జిరాక్సు తీసి పెద్దక్షరాలతో ఊళ్ళో పంచి, ఒక నెల ఆగండి. తప్పులు దిద్దేవాళ్ళు అప్పుడే దొరుకుతారు, అప్పటిదాకా ఇవ్వని పాత ఫోటోలు కూడా ట్రంకు పెట్టెల్లోంచి అప్పుడే బయటికి వస్తాయి.